గుండె కూడా చూడాలట

కీళ్లవాతం మీద పరిశోధనకని కల్వకుర్తి పక్క ఊరికి వచ్చిన డాక్టరమ్మ తన గుండెను పరీక్షిస్తుంటే, వేళ్ల నొప్పులున్న ఓ పత్తి కూలీ పెద్దమ్మకు ఆశ్చర్యమేసింది.

"నొప్పి వేళ్లల్ల ఉంటే గుండె సూస్తవేంది బిడ్డా?"

"కీళ్లవాతం ఉన్నోళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువ పెద్దమ్మా. ఊరూరు తిరిగి గదే సూస్తున్నం."

ఆమె తన వేళ్లను చూసుకుంది. "మా అక్కకు గిట్లనే వేళ్లు వంకరపోయినయ్. గుండె ఆగి పాణం పోయింది. గీ ముచ్చట అప్పుడు ఎవలు జెప్పలే."

"నీ గుండె మంచిగనే ఉంది. మందులు మాత్రం ఆపకు."

"నా ఫికర్ గాదు. అక్క బిడ్డకు పొద్దుగాల లేస్తే వేళ్లు ముడువరావు. అత్తగారింట్ల జెప్పకుండ దాస్తాంది."

"ఇప్పుడే మందు మొదలువెడితే వేళ్లు, గుండె రెండూ కాపాడుకోవచ్చు. వస్తదా?"

"తల్లి లేకుంటేంది, నేను లేనా? ఇప్పుడే తోలుకొస్త," అంటూ ఆమె చెప్పులు తొడుక్కుంది.