తెల్ల బకెట్టును అప్పగించిన షఫీఉద్దీన్ గారు

1996 జులై ఎనిమిదో తేదీ, సోమవారంనాడు, ఛత్రినాకలోని మా ఈతకొలనుల పరికరాల సంస్థలో శ్రీ షఫీఉద్దీన్ గారు ఫిట్టరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. పైపులు బిగించడం తప్ప కొలను నీటి సంగతి తమకేమీ తెలియదని తొలిరోజే నిజాయితీగా విన్నవించుకున్న ఆయన, పన్నెండేళ్లు తిరిగేసరికి సర్వీసు పర్యవేక్షకులై, ఏటేటా జరిగే ఈతకొలనులు, స్పాల ప్రాంతీయ వాణిజ్య ప్రదర్శనలో మా స్టాలుకు సర్వాధికారి అయ్యారు. ఇరవై తొమ్మిదేళ్ల సేవాకాలంలో ఆయన గొంతు పెంచిన సందర్భాలను వేళ్లమీద లెక్కించవచ్చు. అవన్నీ నీళ్ల ట్యాంకర్ల ముందు జరిగినవే.

అందుకు కారణం 2008లో మేము పాల్గొన్న తొలి ప్రదర్శన. నీటి మందుల బాధ్యత మొదటిసారి చేతికొచ్చిన ఉత్సాహంలో, నమూనా కొలనులో జల్‌పల్లి వైపు నుంచి వచ్చిన బోరు నీళ్లు నింపించి, క్లోరిన్ మొత్తం ఒక్కసారే కుమ్మరించారు. ఆ నీళ్లలో ఇనుము ఉందని ఎవరికి తెలుసు? క్లోరిన్ తగిలి ఆ ఇనుము తుప్పుగా మారడంతో, డీలర్లు లోపలికి వచ్చే వేళకు కొలనంతా చాయ్ రంగుకు తిరిగింది. "భాయ్, ఉస్మానియా బిస్కెట్లు గిట్ల పెట్టలేదా?" అని పక్క స్టాలువారు అడిగిన మాట ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంది.

నాటినుంచి ఆయనదొక నియమం. ట్యాంకరు రాగానే ఒక తెల్ల బకెట్టులో నీళ్లు పట్టి, చెంచాడు క్లోరిన్ కలిపి, గంటసేపు దాని ముందే కూర్చుంటారు. రంగు మారిందా, ట్యాంకరు వెనక్కి! ఆయన ఎదుట అందరూ తలలూపేవారే గాని, ఆయన లేనిచోట ఆ గంట ఆగే ఓపిక ఒక్కరికీ లేదు. అందువల్లనే విరమణ గడువు నిరుడే ముగిసినా, ఆయన అడిగి మరీ ఏడాది పొడిగింపు తీసుకున్నారు. "ఏంది జీ, తింటుంటె గూడ బకెట్ ముచ్చటేనా?" అని ఆయన సతీమణి శ్రీమతి ఖైసర్ బేగం గారు విసుక్కున్నారంటే ఆమె తప్పేమీ లేదు.

ఈ ఏడు ప్రదర్శన పాతబస్తీలోని ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. నీటి బాధ్యతను తమ సహాయకురాలు మైథిలికి అప్పగించి, షఫీఉద్దీన్ గారు దూరంగా ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ప్రారంభోత్సవానికి ముందురోజు, పదకొండుకు రావలసిన ట్యాంకరు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. మేనేజరు శ్రీరామమూర్తి గారు కంగారుపడి, "రేపు పదింటికి అతిథులొచ్చేస్తారమ్మా. ఈ ఒక్కసారికీ బకెట్టు వదిలేద్దాం" అన్నారు. షఫీఉద్దీన్ గారు కుర్చీలోంచి సగం లేచారు. తాము లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవలసింది ఇప్పుడే కదా అని, మళ్లీ కూలబడ్డారు.

"క్షమించండి సార్. బకెట్టు చూడకుండా పైపు కొలనులో పెట్టనివ్వను. ఆలస్యమైతే నా పేరే రాసుకోండి" అంది మైథిలి. బకెట్టు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నలభై నిమిషాలకు నీళ్లు ఎర్రబారాయి. ట్యాంకరు వచ్చిన దారినే వెళ్లింది. రెండో ట్యాంకరు నాలుగున్నరకు వచ్చినప్పుడు బకెట్టు పట్టుకుని ఎదురేగింది సాక్షాత్తూ శ్రీరామమూర్తి గారే.

మరునాడు పది గంటలకు కొలను అడుగున పలకలు లెక్కపెట్టుకునేంత స్వచ్ఛంగా ఉన్నాయి నీళ్లు. షఫీఉద్దీన్ గారు చాలాసేపు చూసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా" అన్నారు. వెంటనే ఇంటికి ఫోను చేసి, "బేగం, మళ్ల పొడిగింపు అడుగుత లేను" అని చెప్పారు. అవతల నుంచి వినిపించిన "అల్‌హందులిల్లాహ్" చుట్టుపక్కల నాలుగు స్టాళ్ల వారికీ వినబడింది.

వీడ్కోలు కానుకగా ఆ బకెట్టు మీద పేరు చెక్కించి ఇస్తామంటే ఆయన ససేమిరా అన్నారు. "ఇంట్ల బకెట్లు మస్తున్నయ్. గది ఈడనే ఉండాలె. ట్యాంకర్లు వస్తనే ఉంటయ్ గదా."

బకెట్టు ఇక్కడే ఉంటుంది; ఆయన నిశ్చింతగా వెళ్లవచ్చు. షఫీఉద్దీన్ గారు సతీసమేతంగా సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఇకమీదట ఆ చాయ్ రంగు ఆయనకు ఖైసర్ బేగం గారు అందించే కప్పులో మాత్రమే కనిపించాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.