మాళమ్మ పదైదు దినాల పని

మాళమ్మని ఉండేదిలే, గొర్రెల బీరప్ప కూతురు. తొమ్మిదో తరగతి. సన్నగా, జొన్నకట్టె మాదిరి ఉండేది అనుకో. మాట తక్కువ, లెక్కల్లో ఇంకా తక్కువ. ఆ యేడు ఏమైందంటే, ఐస్కూలుకు విమలమ్మ టీచరని పెద్దటీచరు వచ్చినాదంట. ఆయమ్మ ఏం జేసినాదంటే, పిల్లోళ్లు పది పాసై ఏం జెయ్యల్లో తెలీక రచ్చకట్ట మీద కూచుంటాండారు, అట్ల కాదు, తొమ్మిదిలోనే యాడన్నా పదైదు దినాలు పోయి పని చూసి రావల్ల అనిందంట. చూసి, చేసి, మళ్లొచ్చి బడిలో అందరి ముందర చెప్పల్లంట. ఒగడు మోటార్లు బాగుచేసే షెడ్డుకు, ఒగడు పోస్టాఫీసుకు, ఆడపిల్లోళ్లంతా కుట్టుమిషను కాడికి, ఇట్ల పేర్లు రాసుకుంటాంటే, ఈ మాళమ్మ లేచి నిలబడి, నేను పశువుల ఆసుపత్రికి పోతా టీచర్ అనిందంట. పిల్లోళ్లంతా నవ్వినారు. ఆయమ్మ నవ్వలే. ఎందుకు మే అని అడిగిందంట. మూడేండ్ల కిందట మాయి పద్నాలుగు గొర్రెలు మూతులు వాచి, నాలికలు నీలమై సచ్చిపోయినాయి టీచర్, ఎందుకు సచ్చినాయో మా నాయనకు తెలీదు, నాకూ తెలీదు, తెలుసుకోవల్ల అనిందంట. అంతే. ఇంగ కూచుంది.

ఇంటికి పోయి చెప్తే బీరప్పకు కోపమొచ్చినాది. కోపం రాదా మరి, మీరే చెప్పండి. గొర్రెల పని మనకు పుట్టుకతో వచ్చిందే, దాన్ని బడిలో నేర్చుకునేదేముంది, పోయి గుడ్డలు కుట్టేది నేర్చుకోపో, చల్లగా నీడన కూచుంటావు అన్నాడంట. ఆ పాప వింటే కదా. మర్నాడు పొద్దున్నే సంగటి తిని, సద్ది కట్టుకోని, రెండు మైళ్లు నడిచి మండలంలో ఆసుపత్రి కాడికి పోయి నిలబడింది. ఆడ డాక్టరు ఫకృద్దీన్ సారు. పెద్ద మనిషి, చేతులు సూడల్ల నువ్వు, రోకలిబండలే. ఆయన చూసి, పాపా, ఈడ ఎద్దులు తంతాయి, పేడ, రక్తం, ఇది నీకు పని కాదు, టీచరుకు నేను చెప్తాలే పో అన్నాడంట. ఈ పాప కదల్లే. రెండు దినాలు ఉండనీయండి సారూ, పనికి రాకుంటే మీరు చెప్పకుండానే పోతా అనిందంట. సరే అని చీపిరి చేతికిచ్చినాడు. రెండు దినాలు చీపిరే. మూడో దినం మందుసీసాలు కడిగేది. నాలుగో దినం వచ్చిన గొడ్డు ఎవరిది, ఏం రోగం, పుస్తకంలో రాసేది. అట్ల రాసుకుంటానే ఆ పాప అన్నీ చూస్తాండాది. సూది యాడ పొడుస్తాండారు, ఎందుకు ఆడనే పొడుస్తాండారు, ఒగో మాట అడగను, అడగను అనుకుంటానే అడిగేది. సారు ముందు కసిరినాడు, తర్వాత చెప్పినాడు, ఆ మీద అడక్కముందే చెప్పబట్టినాడు. గొర్రెలకు ఆ నీలినాలిక రోగం యెట్లొస్తాదో, దానికి టీకా ఎప్పుడెయ్యల్లో, అదీ తెలిసిపోయినాదనుకో. ఎనిమిదో దినం ఇంటికొచ్చి నాయనకు చెప్తే, బీరప్ప ఆ టీకా ఎప్పుడెయ్యల్లో ఇంగోసారి చెప్పమన్నాడంట.

ఇట్ల పదమూడో దినం వచ్చింది. ఆ దినం నేనూ ఆడనే ఉన్నా, నా బర్రెకు పొదుగువాపైతే తోలుకోని పోయింటి. కండ్లారా చూసిందే చెప్తాండా, కల్పించింది కాదు. మిట్టమద్దేనం మా ఊరి సుంకన్న ఒగ గొర్రెను ఆటోలో ఏసుకోని వచ్చినాడు. తొలిసూలు గొర్రె. పొద్దుట్నుంచి నొప్పులు పడతాంది, పిల్ల రాలే. నాలిక బయటికేసింది. సారు చేతులు కడుక్కోని లోపల పెట్టబోతే, ఏముంది, ఆ రోకలిబండ చెయ్యి పట్టదు. రెండుసార్లు చూసినాడు, గొర్రె అరిచింది. కాంపౌండరు చెయ్యీ అంతే లావు. జిల్లాకు తీసకపోదామంటే దావలోనే సచ్చిపోతాదని సారుకు తెలుసు. ఒగసారి గొర్రె దిక్కు చూసినాడు, ఒగసారి ఈ పాప చెయ్యి దిక్కు చూసినాడు. గాజులు తీసి గోర్లు కత్తిరించుకో అన్నాడు. సుంకన్న వద్దు వద్దంటానే ఉన్నాడు. సారు విన్లే.

పాప మోచేతి దాకా ఎర్రమందు నీళ్లతో కడుక్కోని, నూనె పూసుకోని మోకాళ్ల మీద కూచుంది. కండ్లు మూసుకోని చెయ్యి లోపలికి పెట్టింది. ఏం తగుల్తాంది అన్నాడు సారు. కాళ్లు సారూ, మూడున్నాయి అనింది. అంటే రెండు పిల్లలు మెలేసుకున్నాయన్నమాట. సారు పక్కన కూచోని నిదానంగా చెప్తాండాడు. ఒగ కాలు పట్టుకో, దాని మడతలు చూడు, రెండు మడతలూ ఒగే పక్కకు ముడుచుకుంటే ముందుకాలు, ఒగటి ఇట్ల ఒగటి అట్ల పోతే వెనక్కాలు. పాప ఒగో కాలూ తడుముకుంటా, ఇది ముందుకాలు సారూ, ఇదీ ముందుకాలే, ఇది వెనకది అని చెప్తాండాది. వెనకదాన్ని లోపలికి తొయ్యి, గొర్రె ముక్కేటప్పుడు మాత్రం ఆగు, బలం చెయ్యొద్దు. ఎంతసేపు పట్టిందో, నాకైతే ఒగ పంటకాలం మాదిరి అనిపించినాది. తొలిపిల్ల వచ్చింది. కదల్లే. సచ్చిపోయింది. పాప దాని దిక్కే చూస్తా ఉండిపోయింది. దాన్ని ఇడ్సిపెట్టు, లోపల ఇంగొగటుంది అన్నాడు సారు. మళ్లా చెయ్యి పెట్టింది. రెండోది వచ్చింది, ముక్కులో జిగట తీసి, గోనెపట్టతో రుద్దితే తుమ్మింది. తల్లీ బతికింది.

అంతా బాగానే అయింది అనుకుంటాండారు కదా. కాలే. సుంకన్న బతికిన పిల్లను చంకలో పెట్టుకోని, బడిపిల్లదాని చేతికిచ్చి నా పిల్లనొగదాన్ని సంపినారు అని బజారు పొడుగునా చెప్పుకుంటా పోయినాడు. ఆ మాట పాప చెవిన పడింది. ఇంటికి పోయి సంగటి ముట్టలేదంట. నేనైతే ఇంగ ఈ పాప ఆసుపత్రి గడప తొక్కదులే అనుకున్నా. నా అంచనా తప్పినాది. పద్నాలుగో దినం కాంపౌండరు వచ్చి తలుపు తీసే పొద్దుకే వాకిట్లో నిలబడి ఉండాదంట. సారు రాంగానే అడిగింది.

"నిన్న ఆ పిల్ల నా చేతికి రాకముందే సచ్చిందా, నా చేతిలో సచ్చిందా? నిజం చెప్పండి సారూ."

సారు సంచి కింద పెట్టి ఎదురుగ్గా కూచున్నాడంట. "రాకముందే సచ్చింది. కంటి మీద పొర చూసి చెప్తాండా, నిన్ను సముదాయించేదానికి కాదు. కానీ ఇంగో మాట ఇను. ముందుముందు నీ చేతిలో సచ్చేటియి కూడా ఉంటాయి. ఆ మర్నాడు కూడా ఇట్లనే రావల్ల."

వస్తా అనిందంట. అని, చీపిరి తీసుకోని వాకిలి ఊడ్చబట్టింది.

పదైదు దినాలైనాక బడిలో అందరి ముందర చెప్పింది, సచ్చిన పిల్ల సంగతి కూడా దాచుకోలే. పదిలో లెక్కలు తప్పింది. విమలమ్మ టీచరు ఇంట్లో కూచోబెట్టి చెప్తే మళ్లా రాసి గట్టెక్కింది. ఆమీద పశువుల డిప్లొమాలో సీటు తెచ్చుకుంది, రెండేండ్ల చదువు. చేర్చేదానికి బీరప్పే బస్సెక్కి తోలకపోయినాడు, వద్దన్నోడే. ఇప్పుడు మా పక్క నాలుగూర్లకు ఆ పాపే వస్తాది, మోపెడు మీద, వెనక మందుల పెట్టె కట్టుకోని. సుంకన్న కూడా ఆ పాపకే ఫోన్ చేస్తాడు, సిగ్గులేకుండా. మొన్న నా బర్రెకు సూది వేస్తాంటే, ఆ మందు కాదు పాపా, ఇంగో మందుంటాది, మా కాలంలో అయితే అని నేను మొదలుపెట్టినా. తాతా, మాట్లాడకుండా తోక పట్టుకో అనింది. ఇంత మాటకారిని నేను, కథ చెప్తే ఊరంతా ఊకొడుతుంది. ఆ పాప ముందర మాత్రం తోక పట్టుకోని నిలబడి ఉంటి.