పగటివాళ్ళు, రాత్రివాళ్ళు

జాగ్రత్త లేదా మాకు? ఆ ఒక్క మాట అనకక్కా. ఇంకేదైనా అను, పడతాను. చిన్నప్పటి నుంచీ నీ చేత పడుతూనే ఉన్నాను, కొత్తేం కాదు.

కోపం కాదు. లోపల మిషన్ల మోత, అందుకని గొంతు పెరిగింది. లాండ్రీ వెనక మెట్ల మీద కూర్చున్నాను. అన్నాల వేళ, మేస్త్రీ పిలిచేదాకా మాట్లాడొచ్చు.

నేనేమడిగాను? బస్సులు తిరుగుతున్నాయి, నా పిల్లల్ని నాకు పంపించు అన్నాను. అంతేగా? దానికి నువ్వేమన్నావు? "మీది ఊరు కాదే, వల్లకాడు. ఈ ఏడాదికి పిల్లల్ని ఇక్కడే బళ్ళో వేస్తాం" అన్నావు. పోనీ, ప్రేమ కొద్దీ అన్నావనుకుందాం. అక్కడితో ఆగావా? మీ ఊళ్ళోనూ ఇంతే జనమట. ఇరుకులో మీరేం తీసిపోరట. అయినా మీ వీధిలో ఒక్కరు పోలేదట, మా సందులో గడపకొకరు పోయారట. ఎందుకయ్యా అంటే, మేం చెప్పినమాట వినమట.

విన్నామే తల్లీ. మా ఖర్మ అదే. విన్నాం.

ఉండు, ముందు చిన్నోడి సంగతి చెప్పు. దగ్గు తగ్గిందా? వాడికి పొగ పడదు. బావగారు సిగరెట్ బాల్కనీలోనే కాలుస్తున్నారా? తలుపు వేసుకునేనా? సరే సరే, ఆయన ఇంట్లో ఆయనకి నేను నీతులు చెప్పనులే. పెద్దది మాత్రం పళ్ళు తోముకున్నానని అబద్ధం చెబుతుంది, బ్రష్షు తడిగా ఉందో లేదో చూడు. కాదు, బ్రష్షు తడిపి పెట్టేస్తుంది దొంగముండ. నోరు తెరిపించి చూడు.

ఆఁ, ఏం చెబుతున్నాను?

సాంద్రత. టీవీలో ఎవరో పెద్దాయన చెప్పాడన్నావు చూడు, జనసాంద్రత ఎక్కువైన చోటల్లా రోగం చెలరేగుతుందని. మరి మీ ఊళ్ళో ఎందుకు చెలరేగలేదో ఆయన్నే అడగకపోయావా? సాంద్రతట. పాలలో వేలు ముంచి చిక్కగా ఉన్నాయా, పల్చగా ఉన్నాయా అని చూసినట్టు ఊళ్ళో వేలు ముంచి చూస్తారు కాబోలు. మా మేడ పైకప్పు లేపి చూశాడా ఆయన? చూసినా, ఎప్పుడు చూశాడు? మా గదిలోకి ఎప్పుడు తొంగి చూసినా సగం మందే కనపడతారు.

మీ ఊళ్ళో మేడ మీద మేడ అక్కా, నిజమే. కానీ తలుపు గడియ పెడితే లోపల ఉండేది మీరే. మీ కుళాయి మీది, మీ బాత్రూమ్ మీది, మీ మంచం మీది. మా ఊళ్ళో అలా కాదు. ఒకటే మంచం, దాని మీద వంతులు.

నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చెబితే నాన్న పరువు నేనే తీసినట్టు మాట్లాడతావు. అందుకని "షేరింగ్" అన్నాను. నువ్వు వంటగది కాబోలు అనుకున్నావు. అనుకోనిచ్చాను. ఇప్పుడు విను.

గది ఒకటి. రాత్రి మాది, పగలు ఇంకో జంటది. అతను రొట్టెల బట్టీలో పని, అంతా రాత్రి పనే. ఆవిడ రాత్రిళ్ళు ఆఫీసులు తుడుస్తుంది. రొట్టెలాయన, రొట్టెలావిడ అనేవాళ్ళు పిల్లలు. పొద్దున్నే మేం దిగుతుంటే వాళ్ళు ఎక్కుతుండేవాళ్ళు. మెట్ల మీద తాళంచెవి చేతులు మారేది. నేను లాండ్రీకి, మా ఆయన గోడౌన్‌కి, పిల్లలు బడికి. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చి, వాళ్ళు నిద్ర లేచేదాకా మెట్ల మీదే కూర్చుని హోంవర్కు చేసుకునేవాళ్ళు. సెలవులు కూడా ఒకే రోజు పడకుండా చూసుకున్నాం. పరుపు చల్లారడం నేనెప్పుడూ చూడలేదు.

అసహ్యించుకోకు. మంచి మనుషులు. ఇన్నేళ్ళలో ఒక్కసారి మాటా మాటా అనుకోలేదు. అసలు ఒకచోట ఉంటే కదా, కొట్లాడుకోవడానికి. నువ్వూ బావగారూ కూడా అలా వంతులు పెట్టుకుంటే ఎంత సుఖంగా ఉండేవాళ్ళో ఆలోచించు.

నవ్వకు, పిల్లలు వింటారు.

మా సందంతా ఇంతే. వెనక సందూ ఇంతే. మా ఊరిని సగం మందికే కట్టారు అక్కా. మిగతా సగం ఎప్పుడూ ఎక్కడో పని చేస్తూ ఉంటారన్న ధీమాతో కట్టారు. ఊరు నడిచినన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ కనపడలేదు.

అప్పుడు మైకు బండి వచ్చింది. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి, ఇల్లు కదలొద్దు, ఇల్లే మీకు రక్ష. మీ ఊళ్ళోనూ ఇదే చెప్పి ఉంటారు. మీరు తలుపులు వేసుకున్నారు. మేం ఏం చేశాం? మేమూ తలుపు వేసుకున్నాం. మా తలుపు వెనక ఎంతమందిమి? బడి మూశారు, ఆఫీసులు మూశారు, గోడౌన్, లాండ్రీ మూశారు. పగటివాళ్ళూ రాత్రివాళ్ళూ అందరం ఒక్కసారే ఇంటికొచ్చాం. ఆ మొదటి రాత్రి ఎవరం పడుకోలేదు. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాళ్ళలాగా గోడకి ఆనుకుని కూర్చున్నాం. పిల్లలు మాత్రం రొట్టెలాయన్ని వెలుగులో ఇంతసేపు చూడటం అదే మొదలు, పండగ చేసుకున్నారు. వేళ్ళకి కాలిన మచ్చలు చూపించి ఒక్కోదానికీ ఒక్కో కథ చెప్పాడు పాపం.

మర్నాడు బావగారు ఎలాగో పాసు తెచ్చుకుని దేవుడిలా వచ్చి పిల్లల్ని మీ దగ్గరికి తీసుకెళ్ళారు. కాదనను. ఆ మేలు మరవను. అందుకేగా ఇన్ని మాటలు పడుతున్నాను.

రోగం ఎవరు తెచ్చారంటే ఏం చెప్పను? ఊరంతా మూశారు కానీ రొట్టెల బట్టీ మాత్రం మర్నాడే మళ్ళీ తెరిచారు. జనం రొట్టె తినాలిగా. అతను వెళ్ళేవాడు, వచ్చేవాడు. ఒళ్ళు వెచ్చబడ్డా వెళ్ళాడు. మానేస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. బావగారికి ఇంట్లో కూర్చున్నా జీతం వచ్చింది, జ్వరం వస్తే పడుకోమన్నారు. మీ వీధి నర్సు మొదటి వారంలోనే గుమ్మం గుమ్మం ఎక్కి, ఎవరింట్లో ఎవరున్నారో కనుక్కుని వెళ్ళిందని నువ్వే మురిసిపోయి చెప్పావు. మా సందుకి వచ్చింది మైకు ఒక్కటే. అది మెట్లెక్కదు. దాని మాట మనం వినడమే కానీ, అది మన మాట వినదు.

ఇంకో విషయం చెబుతాను, నమ్మవు. మా మేడ మీద పేకాటగాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు. పనికిమాలిన మంద. కిందికి దిగి ఇళ్ళలో ఉండండిరా అంటే వినరు. పోలీసులు వచ్చి లాఠీలతో బాదితే దిగేవాళ్ళు, జీపు సందు దాటగానే మళ్ళీ ఎక్కేవాళ్ళు. పగలూ రాత్రీ ఆ గాలిలోనే కూర్చున్నారు. మా ఆయన కూడా అడిగాడు, మనమూ చాప తీసుకుని పైకి పోదామే అని. నేను పోనిచ్చానా? ఇల్లు కదలొద్దన్నారు, కదలొద్దంటే కదలొద్దు అన్నాను. కిటికీ కూడా మూశాను, పక్కవాళ్ళ దగ్గు మా మీదికి వస్తుందని. పిల్లలు లేకపోయినా పిల్లలున్నట్టే చేశాను. పాలప్యాకెట్టు కూడా సబ్బుతో కడిగాను. నాకంటే మాట విన్నదాన్ని ఈ ఊళ్ళో చూపించు.

పేకాటగాళ్ళు ఒక్కరికీ ఏం కాలేదు. ఇప్పటికీ పైన ఆడుతున్నారు. నేను కనబడితే "ఏమ్మా, బాగున్నావా" అని మర్యాదగా అడుగుతారు. ఒళ్ళు మండుతుంది.

రొట్టెలాయన పోయాడు. అంబులెన్స్ మా సందులో పట్టదు, మొదట్లోనే ఆగింది. కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయనా, అంబులెన్సు మనిషీ దింపారు. "తాళంచెవి నా జేబులో ఉండిపోయింది, తీసుకోండి" అన్నాడు మెట్ల దగ్గర. అంతే.

ఆ తర్వాత నాకు. నీకు జలుబని చెప్పాను గుర్తుందా, నాలుగు రోజులు ఫోన్ చెయ్యలేదని తిట్టావు? అది జలుబు కాదు. మా ఆయన కూడా పడిపోయాడు. తల ఎత్తి నీళ్ళు పట్టింది ఎవరనుకున్నావు? రొట్టెలావిడ. మొగుణ్ణి చివరిచూపు చూడనివ్వలేదు ఆవిణ్ణి. అయినా మా ఇద్దరికీ చేసింది. నా జుట్టు జిడ్డు కట్టి వాసనొస్తుంటే దువ్వి జడ కూడా వేసింది. నువ్వు వేసినంత గట్టిగా కాదులే.

ఏడవకు. నేను ఏడవడం లేదుగా.

నీ మాట కాదనడం లేదక్కా, ఊరూ ఊరూ ఒకటే. ఇరుకూ ఒకటే. మీ ఊళ్ళోనూ ఒక బట్టీ ఉంటుంది, అందులో ఒకడు పనిచేస్తూ ఉంటాడు. కాకపోతే వాడికి జ్వరమొస్తే పడుకోవడానికి వాడిదైన మంచం ఉండి ఉంటుంది, లేచేదాకా వాడి పని వాడికి ఉండి ఉంటుంది. అంతే తేడా. మీకది కలిసొచ్చింది. దానికి మీరు జాగ్రత్త అని పేరు పెట్టుకున్నారు. పెట్టుకోండి. మా దురదృష్టానికి మాత్రం నిర్లక్ష్యమని పేరు పెట్టకండి.

నిన్న ఫోన్‌లో చిన్నోడు వెనక నుంచి నిన్ను పిలుస్తుంటే విన్నాను. "అమ్మా, ఫోనొచ్చింది" అన్నాడు. మొదట్లో పెద్దమ్మా అనేవాడు. ఎప్పుడు ఊడిపోయిందో ఆ "పెద్ద". నిన్నేం అనడం లేదు. చిన్నపిల్లాడు, ఎవరు అన్నం కలిపితే వాళ్ళే అమ్మ. అయినా ఫోన్ పెట్టేశాక కూడా ఆ పిలుపే వింటూ కూర్చున్నాను. అందుకే పొద్దున్నే అలా విరుచుకుపడ్డాను, పంపిస్తావా చస్తావా అని.

ఏమన్నావు?

మళ్ళీ చెప్పు, మోతలో వినపడలేదు.

పంపిస్తావా? ఆదివారం బావగారికిచ్చి పంపిస్తావా?

అదేంటక్కా. ఇంతసేపూ కొట్లాడావు కదా, ఇంకాసేపు కొట్లాడు. నువ్వెప్పుడు ఓడిపోయావు నా దగ్గర? చిన్నప్పుడు కిటికీ పక్క సీటు కూడా వదిలేదానివి కాదు.

ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

అక్కా, పంపించకు.

అవును, నేనే అడిగాను. అడగకుండా ఎలా ఉంటాను? కన్నాను కదా. కానీ పంపించకు.

చోటు లేదు. మనిషి పోయిన వారానికే ఇల్లుగలాయన పగటి వంతు ఇంకో జంటకి ఇచ్చేశాడు. రాత్రంతా ఎక్కడో పార్శిళ్ళు సర్దుతారట. వాళ్ళ ముఖాలు నాకింకా సరిగ్గా తెలియవు. పరుపు మాత్రం ఎప్పటిలాగే వెచ్చగా ఉంటుంది. వీళ్ళలో ఎవరైనా దగ్గుతారా, ఎక్కడ తిరిగి వస్తారు, అడిగే హక్కు నాకు లేదు. నన్ను వాళ్ళూ అడగరు.

రొట్టెలావిడ ఎక్కడికి పోతుంది? ఆఫీసులు ఇంకా తెరవలేదు, తుడిచే పని లేదు. ఒక్కత్తే వంతు అద్దె కట్టుకోలేదు. నేనే మేస్త్రీని బతిమాలి ఇక్కడ పనిలో పెట్టించాను. లోపల దుప్పట్లు మడతపెడుతోంది, అందుకే నేను మెట్ల మీదికి వచ్చి మాట్లాడుతున్నాను. పగటి పని కదా, ఇక రాత్రి పడుకోవాలి. గోడ వార పిల్లల చాప వేసేవాళ్ళం చూడు, ఆ చోటు ఆవిడకిచ్చాను. మా ఆయన్ని కూడా అడగలేదు. పిల్లల చోటులో పెద్దమనిషి పడుతుందా అనుకున్నాను. ముడుచుకుంటే పడుతుంది.

లెమ్మని చెప్పలేనక్కా. నావల్ల కాదు.

బళ్ళో వేసెయ్. పెద్దదాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టమను, దూరం ఆనదు దానికి. చిన్నోడికి బూట్లు ఒక సైజు పెద్దవి కొను.

పిల్లలకి మాత్రం అమ్మ పంపించమని గట్టిగా అడిగిందని చెప్పు. కొట్లాడిందని చెప్పు. పెద్దమ్మే పంపనందని చెప్పు. నీకేం, నీమీద కోపం తెచ్చుకున్నా సాయంత్రానికి నీ పక్కనే కూర్చుని అన్నం తింటారు. నామీద వస్తే, ఇంత దూరం నుంచి నేనేం పెట్టి పోగొట్టను?