రిమోట్ నొక్కితే అరిచే కారు

2008. చిత్తూరులో కారు ఎలక్ట్రీషియన్ ఏకాంబరం షెడ్డు. కారు తెచ్చినవాడు జయరావు, వెంట భార్య హేమశ్రీ. పొద్దున తొమ్మిదింటికే జయరావు నోటికి పట్టపగ్గాల్లేవు.

“మాటలొద్దు ఏకాంబరం! ఆ సైరన్ వైరు కోసెయ్. అంతే.”

“కోసేది నిమిషం పనన్నా. ఎందుకు అరుస్తాందో తెలుసుకోకుండా కొయ్యమంటే ఎట్ల?”

“మూడు తూర్లు వచ్చినాను. బ్యాటరీ అన్నావు, మార్చినాను. బానెట్ కింద స్విచ్ అన్నావు, అదీ మార్చినావు. మొన్న అదురు కనిపెట్టే సెన్సార్ తగ్గించినావు. ఈపొద్దు తెల్లార్తోనే మళ్ళీ వీధంతా లేపింది! మేడమీద నుంచి రిమోట్ నొక్కితే ఇంజను స్టార్టయి, నేను దిగేలోపల ఏసీ చల్లబడతాదంటివే! ఇంజనూ పట్టుకోదు, ఏసీ లేదు, సైరన్ ఒక్కటే. ఇంటామె శకుంతలమ్మ ఏమనిందో తెలుసా?”

“ఏమనింది?”

“ఇంగొక్క తూరి అరిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమనింది. ఆ ఇంటికి మారి పది దినాలే అయిందబ్బా!”

“ఏకాంబరన్నా, నేనొక మాట...”

“నువ్వుండు హేమా. కారు సంగతి నీకేం తెలుసు?”

“అక్కను చెప్పనీ అన్నా.”

“ఆమె చెప్పేదేంది? ఫిట్ చేసింది నువ్వు. నీకు పని రాదు, ఒప్పుకో.”

“పని గురించి మాట్లాడొద్దు జయరావన్నా! పద్దెనిమిదేండ్లుగా ఈ వైర్లతోనే బతకతాండా. బిగించినాక నెల దినాలు పాత ఇంట్లో ఉండింది, ఒక్క తూరన్నా అరిసిందా ఇది?”

“లేదు.”

“కొత్తింట్లో యాడ పెడతావు కారు?”

“గేట్లోపల, మూతి వీధివైపు. ఏటవాలు జాగా. అదేం ప్రశ్న?”

“హ్యాండ్‌బ్రేక్ వేస్తావా?”

“వేస్తా. దాన్నొక్కదాన్నే నమ్మేదెట్ల? ట్రాక్టరు నేర్పించినప్పుడే మా నాయన చెప్పినాడు, ఏటవాలులో ఆపితే గేర్లో పెట్టి దిగమని.”

“గేర్లోనా!”

“ఫస్ట్ గేర్లో. ఏం, తప్పా?”

“అయ్యో! న్యూట్రల్లోనే పెట్టల్లని నేను చెప్పలేదా?”

“ఎప్పుడు చెప్పినావు? యాడ చెప్పినావు?”

“చెప్పలేదా... తప్పు నాదేన్నా. గేర్లో ఉండే బండికి రిమోట్ కొడితే ఇంజను పట్టుకోదు, బండే ముందుకు ఎగురుతాది. ఆ కుదుపుకే సైరన్ అరుస్తాండేది. నేను బిగించిన పెట్టె అంతటితో ఊరుకోదు. ఇంజను పట్టుకోకుంటే మూడు తూర్లు స్టార్టర్ కొడతాది. తూరికొక గెంతు.”

“అంటే సైరన్ బాగానే ఉండాదా?”

“అదొక్కటే బాగుండాది.”

“థూ! ఈ మాత్రానికా ఇన్ని దినాలు తిప్పినావు? సరే, ఇంక న్యూట్రల్లో పెడతా. అయిపాయె.”

“అయిపాయెనా! ఆ కారు ముందర మనిషుంటే ఏమయ్యేదో తెలుసా నీకు?”

“తెల్లార్తో గేటు కాడ ఎవురుంటారబ్బా?”

“నేనుంటా.”

“నువ్వా హేమా?”

“ముగ్గేసేదానికి. వంగి. పది దినాలుగా చెప్తాండా, కారు నా మీదికి వస్తాందని. ‘ఇంజను అదిరితే నీకట్ల అనిపిస్తాది’ అంటిరి. సైరన్ అరుస్తానే పక్కకు దూకతాండా కాబట్టి బతికినాను. మీరేమో దాన్నే కొయ్యమంటాండారు.”

“అట్లైతే గట్టిగా చెప్పాల కదా!”

“గట్టిగా చెప్తే శకుంతలమ్మ వింటాదని నోరు మూయించినారు. ఈపొద్దు కారెక్కినప్పట్నుంచి చెప్పబోతానే ఉండాను. విన్నారా?”

“సరేలే... ఈపొద్దు ఏం కాలేదు కదా? నీకేం తగల్లేదు కదా?”

“ఈపొద్దు నాకు ఒళ్ళు బాగలేదు. ముగ్గేస్తాండింది మన మహిత. ఎనిమిదేండ్ల బిడ్డకు దూకాలని ఏం తెలుసు? సైరన్‌కు బెదిరి, చెవులు మూసుకొని, కారు ముందరే కూచునింది. మూడో గెంతుకు కారు బిడ్డకు జానెడు దూరంలో ఆగింది.”