రెండు సీసాలు, రెండు గ్లాసులు

పెళ్ళయి నెల తిరగని జంట ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసి, ఉత్తర మిషిగన్‌లో చెర్రీ తోటల మధ్య ఉన్న ఒక వైనరీకి వచ్చారు. తెల్ల వైన్లకు పేరుపొందిన ఆ ముసలి యజమాని రెండు సీసాల్లోంచి రెండు గ్లాసులు నింపి, నవ్వుతూ లోపలికి వెళ్ళాడు.

"ఏవండీ, చూడగానే మిమ్మల్ని పేరుపెట్టి పిలిచాడేంటి?"

"పోయిన అక్టోబర్‌లో ఆఫీస్ వాళ్ళతో వచ్చాన్లే."

"పెళ్ళిచూపుల్లో మందు ముట్టనన్నారుగా! ఇక్కడికొచ్చి ఏం చేశారు, చెర్రీలు కోశారా?"

"ముందు నీ గ్లాస్ టేస్ట్ చేయి."

"నేను తాగనని తెలిసి కూడానా?"

"అది వైన్ కాదు. తర్వాత వైన్‌లో తీపికి కలపడానికి ఈయన కొంత ద్రాక్షరసం పులియనివ్వకుండా దాస్తాడు. పెళ్ళి కుదిరింది, కాబోయే ఆవిడ తాగదు, ఆమెకో సీసా ఉంచమని అప్పుడే అడిగా."

"అబ్బ, ఎంత బావుందో! నిజంగా నాకోసమేనా?"

"నీకోసమే."

"మరి మీ గ్లాస్‌లోది?"

"అదీ... రసమే."

"ఇటివ్వండి, చూస్తా."

"వద్దులే, ఎంగిలి."

"అనుకున్నా, వైనే! ఊఁ... ఇదీ బావుందే."

"సారీ. ఇక నా గ్లాస్ ఇచ్చెయ్."

"మీరు నా రసం తాగండి. కార్ డ్రైవ్ చేయాలిగా."