డీజిల్ ఏటి తినాల?

ఆగండాగండి బాబూ, అప్పుడే రాసీకండి. పెన్ను ఒక్క నిమిసం కిందెట్టండి.

మీరు పశువుల డాక్టరు, సదువుకున్నోరు, నాను కాదన్ను. గాని కుక్కని బల్లెక్కించి, బరువు సూసి, పళ్లు సూసి, తోకెత్తి సూసి, పేకెట్టు మేతే మంచిదని రెండు ముక్కల్లో తేల్చీసినారు. అలగైతే ఎలగ? వజ్రపుకొత్తూరు అవతల్నుంచి దీన్ని ఒళ్లో కూకోబెట్టుకుని పలాస దాకా ఆటోలో వొచ్చినాను. జీడిపిక్కల ఫేక్టరీకెళ్లే ఆడోళ్లు దారంతా ఒకటే నవ్వు, మావా నీ మనవడేటి అని. అంత అవమానపడి వొచ్చినోడి మాట ఇనాల కాదా?

నా పేరు అప్పలస్వామి. దీని పేరు డీజిల్. పడవ కింద డీజిలు డబ్బా పక్కన దొరికినాది, ఒళ్లంతా నలుపు, అందుకే ఆ పేరు. ఊరకుక్కే. జాతేటని అడక్కండి, అది దానికే తెల్దు.

దీని కూటి మీద మా ఇంట్లో నెల్లాళ్లబట్టి యుద్ధం జరుగుతన్నాది బాబూ. మా అమ్మాయి భాగ్యశ్రీ ఇక్కడే పలాసలో మందుల షాపులో పని సేత్తాది. అది ఓ రోజు బియ్యం బస్తా అంత సంచి మోసుకొచ్చినాది. ఏటే అంటే కుక్కమేతంట. గుళికలు. అమ్మా, నువ్వు పెట్టే కూట్లో ఏదెంతున్నాదో ఎవులికీ తెల్దు, దీంట్లో అన్నీ కొలిసి ఏత్తారు అంటాది. ఆళ్లమ్మ సిన్నమ్మి, అంటే మా ఇంటిది, ఊరుకుంటాదా? గుమ్మం ముందర సముద్రాన్ని ఎట్టుకుని కుక్కకి గులకరాళ్లు పెట్టమంటావేటే అని లేసినాది.

ఆ రోజు మొదలు. ఆ పిల్ల పేకెట్టంటాది, ఇది పచ్చిసేపలంటాది. ఫోన్లో అది బొమ్మలు సూపిత్తాది, సట్టిలో ఇది పులుసు సూపిత్తాది. ఆకరికి ఇద్దరూ ఒక మాటకొచ్చినారు. కుక్కల డాక్టరు కాయితం మీద ఏటి రాత్తే అదే పెడదాం అని. ఆ కాయితం కోసరమే నన్ను తోలినారు.

మా ఇంట్లో కాయితమంటే మామూలు కాదు బాబూ. నాకు కిడ్నీ జబ్బొచ్చి మూడేళ్లు. మా ఉద్దానంలో అదేటి వింత కాదు కదా, మీకు సెప్పక్కర్నేదు. పెద్దడాక్టరు ఓ కాయితం ఇచ్చినాడు, ఏటి తినాల, ఏటి తినకూడదు అని. సిన్నమ్మి దాన్ని అట్టకంటించి దేముడి పటాల పక్కన ఎట్టినాది. పొద్దున్న దీపం ఎట్టినప్పుడు దానికీ ఓ పువ్వు పెడతాది. సత్తెపెమానంగా సెప్తన్నాను.

అందులో ఉన్నది ఉన్నట్టు నడుస్తాది ఇల్లు. ఉప్పు నేదు. ఎండుసేప నేదు. ఆనపకాయ ముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టి మళ్లీ పారబోసి, అప్పుడు నా కంచంలో ఏత్తాది. అది కూర కాదు బాబూ, కూర ఎళ్లిపోయినాక మిగిలినది. డాక్టరు పచ్చిసేపలు తగ్గించమన్నాడు. తగ్గించమంటే ఇది పూర్తిగా ఎత్తీసినాది. ముప్పై ఏళ్లు వలేసినోణ్ని, నాకు సేప నేదు.

సరే, నా గోల ఒగ్గీండి. డీజిలు సంగతి సెప్తాను.

ఆ గుళికలు నాను బాగా పరిచ్చించినాను. సంచి మీద కోడి బొమ్మ, కేరెట్టు బొమ్మ, బఠాణీ బొమ్మ ఉన్నాయి. లోపల సూత్తే ఏది కోడో ఏది కేరెట్టో తెల్దు, అన్నీ గుండ్రంగా ఒక్కలాగే ఉన్నాయి. మా కూరలో సేప సేపలాగుంటాది, ముల్లు ముల్లులాగుంటాది, మోసం ఉండదు. ఓ గుళిక తీసి కాకికి ఏసినాను. అది పాక మీదకి పట్టుకెళ్లి నాలుగుసార్లు పొడిసి ఒగ్గీసి పోయినాది. సచ్చిన ఎలకని తినే కాకి బాబూ అది.

నవ్వకండి. నాను కూడా రుసి సూసినాను. మూగజీవికి పెట్టేముందు మనం సూడాల కదా? రెండే రెండు. సరే, గుప్పెడు. దాంట్లో ఉప్పున్నాది బాబూ. కుక్కమేతలో ఉన్నపాటి ఉప్పు నా కూరలో నేదు.

అందుకని నాను సెప్పొచ్చీదేటంటే, మీరు పచ్చిసేపల కూడే రాయండి. గుళికలొద్దు. దీని నలుపు సూడండి, ఎలగ నిగనిగలాడతన్నాదో. పోయినసారి తెచ్చినప్పుడు ఎముకలు లెక్కెట్టుకునేలాగ ఉన్నాదని మీరే అన్నారు. ఇయ్యాల తక్కెడ మీద సూసినారు కదా, ఎంతెదిగినాదో.

రోజూ ఏటి పెడతాదంటారా? సెప్తాను. కవళ్లు, సిన్న సేపలు, మీకు తెల్సే ఉంటాది. బుట్టలోకి రాగానే ముందు దీని వాటా పక్కనెడతాది. పొలుసు గీకి, తల తీసి, పసుపు రాసి కడుగుతాది. ఉల్లిపాయ నూరుతాది. సింతపండు పులుసు పిసికి, పచ్చిమిరపకాయలు నిలువునా సీల్సి ఏసి, మట్టిసట్టిలో సన్నసెగ మీద ఒగ్గీత్తాది. గరిటె ఎట్టదు, సట్టి పట్టుకుని తిప్పుతాది, సేప ఇరగకుండా. మీద కూసింత నూని తేలాక దించుతాది. మరసటి రోజుకైతే ఇంకా బాగుంటాది బాబూ, ముక్కకి పులుసు పట్టి...

ఏటంటన్నారు? కుక్కకి ఉల్లిపాయ ఇసమా? కారం కూడా పనికిరాదా? ఉప్పూ?

అబ్బే, మా సిన్నమ్మికి ఎలగ తెలుస్తాది? మూగదైతే మాత్రం దానికి నోరు సప్పబడిపోదా అని అన్నీ ఏత్తాది. అయినా ఎనిమిది నెల్లుగా తింటన్నాది కదా, దీనికేటీ అవనేదు. మీరే అన్నారు ఒంట్లో ఏ లోపం నేదని.

అవును, ఎలగ అవనేదంటే, తాజా కూడు కదా మరి. ఆ మహిమ.

నోటికాడ సేపవాసన రాటం నేదా? సముద్రం గాలికి పోతాది బాబూ. ఆటోలో వొచ్చినాం కదా, గాలి కొట్టినాది.

ఏ డబ్బీ? ఓ, అదా. మీరు తెమ్మన్నారని పొద్దున్నే తీసినాను దీని పెంట. దాంట్లో ఏటున్నాదంటారు?

ఆనపగింజలా.

ముల్లు ఒక్కటీ నేదా. అన్నీ ఆనపగింజలేనా.

బాబూ, ఆ తలుపు కాస్త దగ్గరగా ఏసీండి. బైట మేకల్ని తెచ్చినోళ్లు మా ఊరి పక్కోళ్లే.

మొదటిరోజు నాను కావాలని సెయ్యనేదు. ఎనకమాల వలలెట్టే పాకలో కూకుని తింటన్నాను. సిన్నమ్మి నా కంచం ఇచ్చి, దాని పళ్లెం దాని ముందరెట్టి, నీళ్లకెళ్లినాది. నాను సెయ్యి కడుక్కుందామని లేసినాను. తిరిగొచ్చీసరికి ఇది నా కంచంలో మూతెట్టి ఆ ఆనపకాయ నాకేసుకుంటన్నాది. దాని పళ్లెం ముట్టనే ముట్టనేదు. అంత కారం దానికి గిట్టదు కాబోలు, మీరిప్పుడు సెప్తే అర్దమయినాది. నాకేటి తెల్సు అప్పుడు? పళ్లెం నిండా కవళ్ల పులుసు. అడిగీవోడు నేడు. అది అలగ సల్లారిపోతంటే సూత్తా కూకోనేకపోనాను.

పళ్లెం సుబ్బరంగానే ఉంటాది బాబూ, అలగ సూడకండి. బూడిదేసి రోజూ తోముతాది.

ఆ రోజునుంచి మా ఇద్దరికీ ఓ ఒప్పందం కుదిరిపోనాది. సిన్నమ్మి అటు తిరగ్గానే అది నా ముందరకొచ్చి కూకుంటాది, నాను దాని ముందరకెళ్లి కూకుంటాను. అయిపోనాక ఎవుడి సోటుకి ఆడు. నా పత్తెం తిని అది నిగనిగలాడతన్నాది. దాని కూడు తిని నాను...

పోయిన నెల నెత్తురు పరిచ్చ సేసినారు. మూడున్నర ఉండీ క్రియాటిన్ ఆరయినాది.

పెద్దడాక్టరు నన్నేటీ అననేదు బాబూ. సిన్నమ్మినన్నాడు. ఏటి పెడతన్నావమ్మా ఈయనకి, సెప్పినట్టు సెయ్యటం నేదా అని అందరి ముందరా గట్టిగా అడిగినాడు. అది కొంగు నోటికడ్డమెట్టుకుని నిలబడిపోనాది. నాను పక్కనే ఉన్నాను. బల్ల మీద కాయితాలు సూత్తా కూకున్నాను.

ఇంటికొచ్చినాక అదే అన్నాది. నా తప్పే, నీళ్లు సరిగ్గా వంచనేదు అని. మరసటిరోజునుంచి రెండుసార్లు కాదు, మూడుసార్లు ఉడకబెట్టి మూడుసార్లు పారబోత్తన్నాది. తెల్లారగట్ల లేసి అదే పని. ఆ మూడోసారి వంచినదీ డీజిలే తిన్నాది బాబూ. సిగ్గేసినాది నాకు. నిజంగా సిగ్గేసినాది. గాని ఆ పూట వంజరం తల వండినాది. మాననేకపోనాను.

ఇంకోటి కూడా సెప్పీత్తాను, ఎలాగూ మొదలెట్టినాను. సిన్నమ్మి సేప తిని మూడేళ్లయినాది.

దానికే జబ్బూ నేదు. నాకు కాయితం ఇచ్చిన రోజే మానీసినాది. నీకు నేని కూర నా గొంతు దిగదు అన్నాది, అంతే. పుట్టిన కాడ్నుంచి సేప నేకుండా ముద్ద ముట్టని మడిసి. పెళ్లికి నన్ను సూసి కాదు, మా అమ్మ వండిన పులుసుని సూసి ఒప్పుకున్నానని అందరికీ సెప్పుకునీది. ఇప్పుడు బుట్టెత్తుకుని ఊరూరూ అమ్ముతాది, ఇంటికొచ్చి కుక్కకి వండుతాది, తను మటుకు మజ్జిగన్నం తింటాది. పులుసులో ఉప్పు కూడా నోట ఏసుకుని సూడదు. అయినా ఉప్పు లెక్క తప్పదు.

మరి కుక్కకెందుకంత వండుతాదంటారా? నానూ అడిగినాను. ఈ ఇంట్లో తినడానికి వీలున్నది అదొక్కటే కదయ్యా, ఆ సట్టి పొయ్యెక్కకపోతే మనం జాలరోళ్లమేనా అన్నాది.

సిన్నమ్మి తను సేప ముట్టనని ఒట్టేసుకుని, కుక్కయినా తింటాదని వండుతన్నాది. ఆ కుక్క కూడు నాను తినీసినాను. ఎనిమిది నెల్లు. సిన్నమ్మిని ఎదురుగా కూకోబెట్టుకుని దానికీ ఓ ముక్క పెట్టుంటే అదో లెక్క. దొంగతనంగా, పాకలో, కుక్క కాళ్లకాడ.

డయాలసిస్సంటారా? తెల్సు బాబూ. నాతో వలేసిన కామేశుకి వారానికి మూడుసార్లు. ఆ మంచం సూసినాను, ఆ గొట్టాలు సూసినాను. పక్కన కుర్చీలో ఆడి పెళ్లాం కూకుని ఉంటాది, పూటంతా. ఆ కుర్చీలో సిన్నమ్మిని కూకోబెట్టనేను బాబూ.

పోనీ, రాసీండి. పేకెట్టే రాసీండి. గుళికలే పెట్టాల, సేప ముక్క కుక్క ముందరెట్టకూడదు అని గట్టిగా రాయండి. కింద గీత కూడా గియ్యండి. నా కంచం నాను తింటాను, దాని సంచి అది తింటాది. మీ మాటే నెగ్గినాది.

గాని బాబూ, అడుగున ఇంకో ముక్క రాయాల. మీకు పున్నెం ఉంటాది.

పులుసు మాననక్కర్నేదు, దాని వాసన ఇంట్లో ఉండాల, నేకపోతే కుక్క బెంగెట్టుకుంటాది అని రాయండి. ఆ పులుసు ఇంటి ఆడమడిసి తినాల, వారానికి మూడుపూటలు, కుక్క సూత్తండగా తినాల. అలగ తినకపోతే కుక్క పేణానికి ముప్పు అని.

సదువులో అలగ ఎక్కడా నేదంటారా? నేదని నాకూ తెల్సు. మనుసుల డాక్టరు రాసిన కాయితం ఉన్నాది, అది నా గురించే. సిన్నమ్మి గురించి ఎవులూ ఒక్క ముక్కా రాయనేదు కదా బాబూ. నాను తినమంటే తినదు, కూతురు బతిమాలితే తినదు. డీజిలు కోసరమైతే తింటాది. కాయితం మీద ఉన్నాదంటే తింటాది.

ఇంగ్లీషులోనే రాయండి. తెలుగులో రాత్తే నాను రాయించినానని కనిపెట్టీత్తాది. మా భాగ్యశ్రీ సదివి సెప్తాది. సీలు కూడా గుద్దండి, కనపడేలాగ.

సల్లగుండండి బాబూ. పద డీజిల్, దిగు.

ఆ, ఒక్క మాట. తేదీ రేపటిది ఏత్తారా? ఇయ్యాల సట్టి అప్పుడే పొయ్యి మీదెట్టీసుంటాది.