గుమ్మంలో పిచ్చుక

చార్జర్ తెచ్చి లాప్‌టాప్‌కి తగిలించి కూతురు మళ్ళీ బల్ల ముందు కూర్చుని, స్లయిడ్లు తెర నిండా పరుచుకుంది. తల్లి కుర్చీ వెనకే నిలబడి ఉంది.

"ఇందాక టింగు టింగుమని మోగింది, ఏంటే అది?"

"ఏం లేదు. నువ్వు వెళ్ళమ్మా."

"ఏం లేకపోతే ఇందాక తెర మీద మీ ఫ్రెండు పిచ్చుక ఫోటో ఎందుకొచ్చింది?"

"వెయిటింగ్ రూములో ఉంది. నేను రానిస్తేనే లోపలికొస్తుంది."

"అంటే గుమ్మంలో నిలబెట్టావన్నమాట."

"గుమ్మమూ లేదు, గడపా లేదు. మెల్లగా మాట్లాడు, మైకు ఆన్‌లో ఉంది."

"ఎవరు వింటారు?"

"ఎవరూ లేరులే. మీటింగులో నేనొక్కదాన్నే."

"ఇవాళ మీ మేడమ్‌కి ప్రాజెక్టు గురించి ఇద్దరూ కలిసి చెప్పాలన్నావు. రానివాళ్ళు ఫెయిలన్నావు."

"అన్నాను."

"మరి ఆ పిల్ల ఏడాది పోదూ?"

"పోతే పోతుంది."

"పోతే పోతుందట. అది ఏ అఘాయిత్యమో చేసుకుంటే? పోలీసులు ముందు మనింటికే వస్తారు."

"నీకు ఈగ వాలినా పోలీసులే. నన్ను స్లయిడ్లు సరిచేసుకోనీ."

"సరిచేయడమా అది? దాని పేరు కొట్టేస్తున్నావు. నాకు కళ్ళున్నాయే."

"పని చేయనివాళ్ళకి పేరెందుకు?"

"చేయలేదా? ఎండలో బస్సు డిపోల చుట్టూ తిరిగి, డ్రైవర్లని ఒక్కొక్కళ్ళనే అడిగి రాసుకొచ్చింది ఎవరు? నువ్వా? నువ్వు ఫ్యాను కిందనుంచి లేచావా?"

"సరే, సర్వే అంతా అదే చేసింది. అయితే ఏంటి? నేనే చేశానని చెప్తా. అది రానే లేదని చెప్తా. చాలా?"

"ఎందుకే అంత పగ? ఒక్క కంచంలో తిన్నారు మీరు."

"అడక్కు."

"అడుగుతా. దాని పేరెత్తితే చాలు, కస్సుమంటున్నావు."

"అడక్కన్నానా. పోయినసారి నేను కాల్‌లో ఉంటే, కెమెరాలోంచి దొంగలు చూస్తారని వెనకాల బీరువాకి దుప్పటి కప్పావు చూడు..."

"కప్పొద్దా మరి? రోజులు బాగాలేవు."

"అది ఫోటో తీసింది. క్లాసు గ్రూపులో పెట్టింది. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు నా పేరు బీరువా."

"...దుప్పటి కప్పుతుంటేనా?"

"జుట్టు విరబోసుకుని, ఒక కొస పళ్ళతో పట్టుకుని."

"నవ్వితే నవ్వనీ. నన్ను చూసి నవ్వినందుకు దాని చదువు తీసేస్తావా?"

"తీసేస్తా. నిన్ను తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది."

"అయ్యో పిచ్చిదానా. ముందే ఒక్క మాట చెప్పొద్దూ."

"చెప్తే ఏం చేసేదానివి?"

"తలుపు తీసేముందు నిన్ను అడిగేదాన్ని."

"ఏ తలుపు?"

"నువ్వు చార్జర్ కోసం ఆ గదిలోకెళ్ళావు కదా, అప్పుడు... అందరినీ రానివ్వాలా అని నీలం బటనుంటే నొక్కాను."

"అందరినీ ఏంటమ్మా? అక్కడున్నది అదొక్కతేగా. ఉండు, ఈ స్లయిడ్లు పక్కకి జరపనీ..."

"ఒక్కతే కాదే. వెనకాల మీ కళ్ళద్దాల మేడమ్ కూడా ఉంది. పెద్దావిడని గుమ్మంలో ఎలా నిలబెడతామే?"